ఒకేచోట రెండుసార్లు వచ్చిన బుడగ

1998లో రాజమండ్రిలో మా డెంటల్ ల్యాబు ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేది. ముందు గదిలో ప్లాస్టరు పని, వెనక గదిలో పళ్ళు అమర్చడం, పాలిష్ పట్టడం. నేను డెంటల్ మెకానిక్‌ని. ఆ మాట వినగానే చాలామంది నన్ను మోటార్లు బాగుచేసేవాణ్ణనుకుంటారు. డాక్టరు గారు రోగి నోట్లోంచి తీసిన అచ్చును బట్టి కట్టుడు పళ్ళు తయారు చేయడం మా పని. ఆ అచ్చుని ఇంప్రెషన్ అంటారు. కాకినాడ, పిఠాపురం, సామర్లకోట డాక్టర్ల దగ్గర్నుంచి ఇంప్రెషన్లు బస్సులో పార్సిలుగా వచ్చేవి. పళ్ళ సెట్లు కూడా బస్సులోనే వెళ్ళేవి. అప్పటికి నా సర్వీసు పద్దెనిమిదేళ్ళు. నేను చేసిన పళ్ళతో అన్నం తిన్నవాళ్ళలో పదిమందిని కూడా కళ్ళారా చూసి ఉండను.

ఆ ఏడాది డెంటల్ మెకానిక్ కోర్సు చదివే నలుగురు విద్యార్థుల్ని ప్రాక్టికల్స్ కోసం నా దగ్గరికి పంపారు. నాకు చేతిపని వచ్చుగానీ ఓపిక రాదు. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పట్నుంచీ లేదు. పని నేర్పడమంటే, నేను చకచకా చేస్తూ పోతుంటే వాళ్ళు వెనక నిలబడి చూడటమే. ముగ్గురు అలాగే చూసేవారు. నాలుగో అమ్మాయి భవానిది నరసాపురం పక్క ఊరు. వాళ్ళమ్మ లేసు అల్లుతుంది. అల్లికలో ఒక కన్ను తప్పితే మొత్తం విప్పాల్సిందేనట. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల కాబట్టి ఏ వస్తువునైనా తిప్పి తిప్పి చూసేది. ఆ చూపు నాకు చిరాగ్గా ఉండేది.

ఒక సోమవారం పిఠాపురం నుంచి ఒక ఇంప్రెషన్ వచ్చింది. చీటీ మీద ‘నూకరత్నం, 58 సంవత్సరాలు, ఉప్పాడ, పైనా కిందా ఫుల్ సెట్టు, అలవాట్లు లేవు’ అని రాసి ఉంది. ఇంప్రెషన్‌లో డెంటల్ స్టోన్ అనే గట్టి ప్లాస్టరు పోస్తే, గట్టిపడ్డాక రోగి చిగుళ్ళూ అంగిలీ ఉన్నవి ఉన్నట్టుగా వస్తాయి. దాన్ని మోడల్ అంటాం. నూకరత్నం గారి పై మోడల్ మీద, అంగిలి మధ్యకి కొంచెం ఎడంగా, పెసరగింజంత బొడిపె కనిపించింది.

పాఠం చెప్పడానికి మంచి అవకాశం దొరికిందనుకుని పిల్లల్ని పిలిచాను. “ఇంప్రెషన్ తీసేటప్పుడు లోపల గాలి బుడగ చేరుతుంది. ఆ ఖాళీలోకి స్టోన్ పోయి, మోడల్ మీద ఇలా బొడిపెగా తేలుతుంది. ఇది నోట్లో ఉన్నది కాదు, గాలి. దీన్ని ఏం చేయాలి?” అని అడిగి, వాళ్ళు జవాబు చెప్పేలోపే కత్తితో గీకేశాను. అంగిలి నున్నగా తయారైంది. ఆ నునుపు మీద వేలు రాసి చూసుకుని మురిసిపోయాను కూడా.

సెట్టు చేసి పంపాను. వారానికి తిరిగొచ్చింది. ‘అంగిట్లో గుచ్చుతోందట, చూడండి’ అని డాక్టరు గారి చీటీ. ఆయన గుర్తు పెట్టిన చోట సెట్టు లోపలి వైపు కొంచెం అరగదీసి పంపాను. అది మామూలే. కొత్త చెప్పు కరిచినట్టు కొత్త పళ్ళూ కరుస్తాయి. పది రోజులకు సెట్టు మళ్ళీ వచ్చింది. ఈసారి దాంతోపాటు కొత్త ఇంప్రెషన్ కూడా ఉంది. ‘పెట్టుకోలేకపోతోంది, కొత్తది చేయండి’ అని రాశారు. నా సెట్టు రెండుసార్లు తిరిగి రావడమా అని అరికాలి మంట నెత్తికెక్కింది. మోడల్ పోసే పని భవానికి అప్పగించి కిందకెళ్ళి రెండు టీలు తాగి వచ్చాను.

వచ్చేసరికి ఆ అమ్మాయి మోడల్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది.

“మాస్టారూ, మళ్ళీ బుడగొచ్చిందండి.”

“వస్తే గీకెయ్.”

“అదే చోట వచ్చిందండి. కాస్త పెద్దదయింది కూడా.”

“గాలికి చోటేంటమ్మా, ఎక్కడైనా వస్తుంది. పని కానివ్వు.”

తను కదల్లేదు. తిరిగొచ్చిన పాత సెట్టు తీసి కొత్త మోడల్ మీద పెట్టి నాకు చూపించింది. నేను అరగదీసిన గుంట సరిగ్గా ఆ బొడిపె మీద కూర్చుంది. ఎంత అరగదీసినా బొడిపె గుంటలో ఇమడలేదు. సెట్టు కొంచెం ఎత్తుగా లేచి అటూ ఇటూ ఊగుతోంది.

“గాలి బుడగ ఒకేచోట రెండుసార్లు ఎలా వస్తుందండి?” అంది భవాని.

ఆ పిల్ల నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, “అంటే నేను తప్పు చేశానంటావా?” అని ఒంటికాలి మీద లేచాను. మిగతా ముగ్గురూ తలలు దించుకున్నారు. భవాని మాత్రం, “మొదటిది కూడా బుడగ కాదేమోనండి. అది ఆవిడ నోట్లోదేమోనండి” అంది.

ఆ రోజంతా కాలు కాలిన పిల్లిలా రెండు గదుల మధ్యా తిరిగాను. మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉండేది. రోగం సంగతి డాక్టరుది, పళ్ళ సంగతి మాది. ల్యాబువాడు నోరు విప్పి ‘మీ రోగికి ఏదో ఉన్నట్టుంది’ అంటే, ‘వీడు మనకి చెప్పేవాడా’ అని రేపట్నుంచి ఇంప్రెషన్లు ఇంకొకరికి వెళ్తాయి. చెప్పకపోతే? కొత్త మోడల్ మీద కూడా కత్తి ఒక్కసారి ఆడిస్తే చాలు, అంగిలి నున్నగా అయిపోతుంది. కత్తి చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్ళీ బల్ల మీద పెట్టేశాను. మూడోనాటికి ఉండబట్టలేక వీధి చివర ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి పిఠాపురం ఫోన్ చేసి బొడిపె సంగతి చెప్పాను.

“పెద్దావిడండి, అంగిలి గరుగ్గానే ఉంటుంది. మీరు సెట్టు చేసి పంపేయండి” అన్నారు డాక్టరు గారు.

“ఇంప్రెషన్ మీరే తీశారాండి?”

“అసిస్టెంట్ తీశాడండి. ఏం?”

“అయితే ఒకసారి వచ్చి చూపిస్తానండి” అని పెట్టేశాను.

మర్నాడు పొద్దున్న పాసింజర్లో భవానీ నేనూ బయల్దేరాం. దారి పొడుగునా భవాని మోడలూ పాత సెట్టూ ఉన్న సంచిని ఒళ్ళోంచి దించలేదు. సామర్లకోటలో బండి ఎంతకీ కదలకపోతే దిగి ప్లాట్‌ఫారం మీద పచార్లు చేశాను. డాక్టరు గారు కుర్రాయన. వస్తూనే విసుక్కున్నారుగానీ, భవాని రెండు వస్తువులూ బల్ల మీద పెట్టి పాత గుంటనీ కొత్త బొడిపెనీ కలిపి చూపించగానే కుర్చీ ముందుకు జరుపుకున్నారు. చాలాసేపు మోడల్ తిప్పి చూశారు. “నేను చిగుళ్ళు చూశానండి. అంగిలి సరిగ్గా చూడలేదు” అన్నారు మెల్లగా. ఆ మాట ఒప్పుకున్నందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది. ఆవిణ్ని ఇవాళే తీసుకురమ్మన్నారు.

ఉప్పాడలో నూకరత్నం గారి ఇల్లు వెతకనక్కర్లేకపోయింది. పడవలు ఒడ్డుకొచ్చిన వేళ, ఆవిడ చేపల పాట దగ్గర ఉంది. పడవల మీంచి దిగిన గంపల్ని వేలం పాడించడం ఇరవయ్యేళ్ళుగా ఆవిడ పని. నోట్లో పన్ను లేకపోవడంతో గాలి పోయి మాట తెలియడం లేదు. ఆవిడ పలికిన అంకెని పక్కనే ఉన్న కోడలు మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వస్తోంది. కొనేవాళ్ళు అప్పటికే అత్త వైపు కాకుండా కోడలి వైపు తిరిగి పాడుతున్నారు. ఆవిడ ముఖంలో కంగారు నాకు దూరం నుంచే తెలిసింది.

“పళ్ళు తెచ్చారాండి బాబూ?” అంది నేను ఎవరో చెప్పగానే.

“ఇంకా లేదండి. డాక్టరు గారు నోరు మళ్ళీ ఒకసారి చూస్తానన్నారు.”

“పళ్ళిమ్మంటే నోరు చూస్తానంటారేంటండి? నా నోరేమన్నా కోటిపల్లి తీర్థమాండి, మాటిమాటికీ వచ్చి చూడ్డానికి?”

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నేను పంతులు గారిలా, “చుట్ట కాలుస్తారాండి?” అని అడిగాను. “లేదండి” అంది. అందరి ముందూ ఆ ప్రశ్న వేయకూడదని నాకు తోచలేదు. ఆసుపత్రిలో నలుగురి ముందు అడిగి చీటీ మీద ‘అలవాట్లు లేవు’ అని రాసుకున్న అసిస్టెంటుకీ తోచి ఉండదు.

భవాని ఆవిణ్ని పక్కనున్న పడవ నీడలోకి తీసుకెళ్ళి ఇసకలో చతికిలబడింది. “మామ్మగారూ, మా మామ్మది కూడా అడ్డపొగేనండి” అంది. చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడాన్ని మా తీరంలో అడ్డపొగ అంటారు. ఆ సెగ రోజూ అంగిలికే తగులుతుంది. “నిప్పు లోపలుండగానే కబుర్లు చెప్పేదండి. అంగిట్లో పుండు లేచింది. అదే పోతుందిలే అని ఎవరికీ చెప్పలేదు.”

“తగ్గిందా మరి?”

“తగ్గలేదండి. ఆవిడే పోయింది.”

నూకరత్నం గారు భవాని ముఖంలోకి చూసింది. తర్వాత వెలుతురు వైపు తిరిగి నోరు తెరిచింది. నేనూ వంగి చూశాను. పద్దెనిమిదేళ్ళుగా అంగిళ్ళని తెల్లటి రాయిలోనే చూసినవాణ్ణి. ఇక్కడ అది తడిగా, ఊపిరికి కదులుతూ ఉంది. చుట్టూ పాలిపోయిన చర్మం, మధ్యలో ఎర్రగా, మోడల్ మీద చూసిన ఆకారమే. దాన్ని నేను కత్తితో గీకి, ఆ చోట గట్టి సెట్టు చేసి, రోజూ దాన్నే నొక్కమని పంపాను.

ఆ సాయంత్రమే డాక్టరు గారు చూసి కాకినాడ పంపారు. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సరే అని తేలింది. ఇంకా పాకలేదనీ, అంగిట్లో కొంత భాగం తీసేస్తే సరిపోతుందనీ అక్కడి డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్‌కి ముందు చూడటానికి వెళ్తే, ఆవిడ ప్రాణం సంగతి అడగలేదు. “మాట వస్తాదాండి?” అని అడిగింది. అంగిట్లో కన్నం పడితే నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో పలికినట్టుంటుంది.

“వస్తుందండి. ఆ కన్నం మూసే సెట్టు నేను చేస్తాను” అన్నాను. దాన్ని ఆబ్చురేటర్ అంటారు. పళ్ళ సెట్టుకే పైన కన్నంలో ఇమిడేలా ఒక భాగం కలుపుతారు. అప్పటికి నేను ఒక్కటి కూడా చేసి ఎరగను.

గాయం మానేదాకా ఆగి చేశాం. రెండుసార్లు కుదరలేదు. మూడోసారి, ఇంప్రెషన్ తీసేటప్పుడు భవానీ నేనూ కుర్చీ పక్కనే నిలబడ్డాం. ఎక్కడ నొక్కుతోందో, ఎక్కడ వదులో ఆవిడనే అడుగుతూ చేశాం. పెట్టాక నీళ్ళు తాగింది. ముక్కులోంచి రాలేదు. గ్లాసు పక్కన పెట్టి, ఉన్నట్టుండి, “చందువ గంపమ్మా, పాడండమ్మా పాట” అని కేకేసింది. బయట బెంచీ మీద కూర్చున్న రోగులు తొంగి చూశారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత నా దగ్గరికొచ్చిన ప్రతి బ్యాచ్‌నీ మొదటి వారం ప్లాస్టరు ముట్టుకోనివ్వలేదు. డాక్టర్ల దగ్గరికి పంపి కుర్చీ పక్కన నిలబెట్టాను. నోరు చూడటం, మనిషిని నలుగురిలో కాకుండా పక్కకి పిలిచి అడగటం, అనుమానం వస్తే ఎదుటివాడు డాక్టరైనా మాస్టారైనా చెప్పడం ముందు నేర్చుకోమన్నాను. పళ్ళు అమర్చడం ఆరునెలల్లో ఎవరికైనా వస్తుంది. మిగతావి నాకు పద్దెనిమిదేళ్ళకు వచ్చాయి, అదీ ఒక విద్యార్థిని వల్ల.

ఈ సంగతి విన్నవాళ్ళు ఒక ప్రాణం కాపాడారని మెచ్చుకుంటారు. నేను అక్కడ కూర్చోలేక లేచి వచ్చేస్తాను. నూకరత్నం గారి కంటే ముందు నేను గీకేసిన బొడిపెలు ఎన్నో. వాటిలో బుడగలెన్నో, కానివెన్నో నాకు తెలియదు. వాళ్ళెవరూ సెట్టు తిప్పి పంపలేదు. తిప్పి పంపలేదు కాబట్టి బాగా కుదిరిందనే అనుకునేవాణ్ణి.