అత్తయ్యగారు మెచ్చుకున్న టీవీ

ఇంట్లో పెద్ద టీవీ గోడకెక్కించాలని ముచ్చటపడుతున్నవాళ్ళు ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. శ్రీరామనవమి నాడు, వీధంతా చూస్తుండగా, నా పరువు ఎలా పోయిందో చెబుతాను. అదేమీ చిన్నా చితకా పరువు కాదు. రామచంద్రపురంలో పద్దెనిమిదేళ్ళుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతూ, ఇటుక మీద ఇటుక పేర్చుకున్న పరువు.

అసలు సంగతి మా అత్తయ్యగారి కంటితో మొదలైంది. కాకినాడలో ఆవిడకి శుక్లం ఆపరేషన్ చేయించి, పాలకొల్లు దగ్గర వాళ్ళ పల్లెలో వేళకి కంట్లో మందు వేసేవాళ్ళు లేరని మా ఇంటికి తీసుకొచ్చాం. ఆవిడ అల్లుడింట్లో మంచినీళ్ళు తాగడానికి కూడా మొహమాటపడే మనిషి. మాకు పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా నాతో నేరుగా మాట్లాడరు. ఏం చెప్పాలన్నా మా ఆవిడ పద్మ మీదుగానే. "బాబుగారికి ఇంకో గరిటె పప్పు వెయ్యవే" అంటారు, ఆ బాబుగారు బెత్తెడు దూరంలో కూర్చుని ఉండగా! ఇన్నేళ్ళలో నేను చేసిన ఏ పనికీ ఆవిడ వంకపెట్టిన పాపాన పోలేదు. ఒకసారి నేను పులిహోరలో ఉప్పనుకుని పంచదార కలిపేస్తే, రెండోసారి పెట్టించుకుని మరీ, "కొత్తగా ఉందని చెప్పవే బాబుగారికి" అన్నారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోకే కొంప మునిగింది.

అలాంటి మనిషి పద్మ దగ్గర నోరు తెరిచి ఒకే ఒక్కటి అడిగారు. "రెండేళ్ళనుంచీ టీవీలో రాములవారి కల్యాణం మసగ్గా కనపడుతోందే. సీతమ్మవారి మొహం ఆనవాలు పట్టలేకపోతున్నాను. ఈసారి కాస్త పెద్ద టీవీలో కళ్ళారా చూస్తే బాగుండును."

పద్మ చెప్పగానే నా గుండె కరిగింది. నా మెదడు మాత్రం కరగలేదు, ఉబ్బింది. "టీవీ అంటే కూరగాయలనుకున్నావా, సంచిలో వేసుకు రావడానికి! శాస్త్రీయంగా పరీక్షించాలి" అన్నాను.

"పాత టీవీ వర్షానికి కొట్లో తలదాచుకున్నప్పుడు అయిదు నిమిషాల్లో కొనేశారు కదండీ! పన్నెండేళ్ళయినా చెక్కుచెదరలేదు" అంది పద్మ.

"అప్పుడు నాకింత తెలీదులే" అన్నాను. నిజానికి ఇప్పుడూ తెలీదు.

పదకొండు శీర్షికలతో ఒక నోటుపుస్తకం తయారుచేసుకుని రాజమండ్రిలో ఒక పెద్ద కొట్టుకి వెళ్ళాను. మరీ చవకా కాకుండా, మరీ ఖరీదూ కాకుండా, మధ్యరకం యాభై అయిదు అంగుళాల టీవీలు రెండు తేలాయి. ఇక చూస్కోండి నా పరీక్ష! ఎడమవైపునుంచి చూశాను, కుడివైపునుంచి చూశాను, గొంతుక్కూర్చుని చూశాను. టేపుతో దూరం కొలిచాను. తెర మీద నలుపు ఎంత నల్లగా ఉందో తేల్చడానికి ఆ మూల లైట్లన్నీ ఆర్పించాను. అప్పటికే మూడుసార్లు టీ తాగొచ్చిన సేల్స్‌మన్ నీరసంగా గోడకి చేరబడ్డాడు.

"సార్, ఈ మొదటిదాని తెరకి మెరుపు తక్కువండి. వెలుతురున్న గదిలో హాయిగా కనపడుద్ది" అన్నాడు.

"పేలవంగా ఉందయ్యా! రెండోది చూడు, కాటుకలా ఎంత నిగనిగలాడుతోందో!"

"ఆయ్, చీకట్లో అదే బాగుంటాదండి. ఇంతకీ మీ హాల్లో టీవీ ఎదురుగా కిటికీ గానీ గుమ్మం గానీ ఉందాండి?"

ఆ రోజు మొత్తంలో ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే. దానికి నా జవాబు వినండి. "గుమ్మం సంగతి నీకెందుకయ్యా? నేను ఫిజిక్స్ లెక్చరర్ని!"

అతను వెంటనే చేతులు కట్టుకున్నాడు. లెక్చరర్లతో వాదించకూడదని చదువుకునే రోజుల్లోనే నేర్చుకుని ఉంటాడు.

నిగనిగలాడేది మా ఇంటికొచ్చింది. వీధిగుమ్మానికి సరిగ్గా ఎదురుగోడకి బిగించాం. మా గుమ్మం తూర్పు ముఖం. ముందు కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు, రోడ్డు దాటితే సత్యవతిగారిల్లు. ఉగాదికి సున్నం వేయించిన వాళ్ళ గోడ పాలలా మెరుస్తూ ఉంటుంది. వాళ్ళ టీవీ పిడుగుకి పోయిందంటే మా పాత టీవీ ఆవిడకి ఇచ్చేశాం. "చిన్నదే అనుకోండి, ఏదో కాలక్షేపం" అని జాలిపడుతూ ఇచ్చాను కూడా.

పగలంతా నేను కాలేజీలో ఉంటాను, చీకటి పడ్డాక చూస్తాను. చీకట్లో ఆ టీవీ దివ్యంగా ఉండేది. అయినా శాస్త్రం శాస్త్రమే కదా! వారం రోజులు రోజూ సాయంత్రం నోటుపుస్తకం తీసి, "మధ్యాహ్నం సీరియల్ ఎలా కనపడిందో అత్తయ్యగారిని కనుక్కో" అని పద్మని అడిగేవాణ్ణి.

లోపలినుంచి జవాబు వచ్చేది. "చాలా బాగుందని చెప్పవే బాబుగారికి."

"రంగులు?"

"రంగులు కూడా బాగున్నాయని చెప్పు."

పన్నెండో శీర్షిక కింద 'పగటి వీక్షణం: అత్యుత్తమం' అని రాసుకుని కింద గీత కూడా గీశాను. ఆ గీత గీసిన చేతిని ఇప్పటికీ క్షమించలేదు. ఆ ఊపులో వీధి వీధినంతా పిలిచేశాను. "నవమి నాడు మా ఇంట్లోనే కల్యాణం చూడాలి. పానకం, వడపప్పు మావే. సీతమ్మవారి ముక్కుపుడకలో రాయి కూడా లెక్కపెట్టుకోవచ్చు!"

నవమి వచ్చింది. పదిన్నరకల్లా హాలు నిండిపోయింది. టీవీలో చూసినా మా వైపు చేతిలో అక్షింతలు పట్టుకునే కూర్చుంటారు, మంగళసూత్రధారణ వేళకి తెర మీద వెయ్యడానికి. అందరికంటే ముందు కుర్చీలో పట్టుచీర కట్టుకుని, ఆపరేషన్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని అత్తయ్యగారు. నేను రిమోట్‌ని పైకెత్తి చూపించి మరీ బటన్ నొక్కాను.

మంగళవాయిద్యాలు మారుమోగాయి. తెర మీద మాత్రం సత్యవతిగారి గోడ వచ్చింది.

సిమెంటు రోడ్డు, తెల్లగోడ, దాని ముందు దండెం, దండెం మీద ఆరేసిన తువ్వాలు, అన్నీ అద్దంలో చూసినట్టు కనపడుతున్నాయి. ఎక్కడో వాటి వెనకాల పందిరి ఛాయ ఏదో కదులుతోంది.

"మాస్టారూ, ఇది భద్రాచలమేనాండి?" అన్నారు ఒకాయన.

"ఆ తువ్వాలు మావారిదేనండి!" అన్నారు సత్యవతిగారు ఆశ్చర్యంగా.

వెలుగు పెంచాను. తువ్వాలు ఇంకా స్పష్టంగా ఉన్నట్టనిపించింది. దుప్పటి తెచ్చి గుమ్మానికి కట్టబోతే, "కల్యాణం వేళ వీధిగుమ్మానికి తెర కడతారాండీ!" అని ఒకావిడ చెంపలు వేసుకున్నారు. తలుపు దగ్గరకి వేద్దామంటే జనం గడప దాకా కూర్చున్నారు. గొడుగు విప్పి తెర పక్కన పట్టుకున్నాను. ఇప్పుడు తెరలో గోడ, తువ్వాలు, వాటికి తోడు చెమటలు కక్కుతూ గొడుగు పట్టుకున్న ఒక ఫిజిక్స్ లెక్చరరు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "వారం రోజులనుంచి అత్తయ్యగారు పట్టపగలే చూస్తున్నారండీ! చాలా బాగుందన్నారు! కావాలంటే అడగండి!" అని అరిచాను.

సత్యవతిగారు నోరు నొక్కుకున్నారు. "అదేంటి మాస్టారూ! ఆవిడ రోజూ మధ్యాహ్నం మా వసారాలో కూర్చునే కదండీ చూస్తున్నారు! మీరిచ్చిన పాత టీవీలో! అల్లుడుగారు నొచ్చుకుంటారు, చెప్పొద్దన్నారండి."

పద్మ కేసి చూశాను. పద్మ పానకం గిన్నె కేసి చూసింది. అత్తయ్యగారు నల్లకళ్ళద్దాల్లోంచి నేల కేసి చూశారు.

"ముహూర్తం దగ్గరపడిందండోయ్! మా ఇంటికి పదండి" అన్నారు సత్యవతిగారు. హాలు రెండు నిమిషాల్లో ఖాళీ అయింది. వెళ్తూ వెళ్తూ మా వడపప్పు పళ్ళెం కూడా తీసుకెళ్ళారు.

మిగిలింది ముగ్గురం. అత్తయ్యగారు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. గుప్పిట్లో అక్షింతలు తడిసి ముద్దవుతున్నాయి. నేను పౌరుషంగా తెర పక్కన నిలబడి బటన్లన్నీ నొక్కుతూనే ఉన్నాను. లోపల వాయిద్యాల జోరు పెరిగింది.

"వెయ్యమంటారేమో బాబుగారిని కనుక్కోవే" అన్నారు ఆవిడ మెల్లిగా, గుప్పిట పైకెత్తి.

తెర కేసి చూశాను. అక్కడ సీతమ్మవారు లేరు, రాములవారు లేరు. రిమోట్ పట్టుకుని నేనే ఉన్నాను. ఆవిడ ఆ అక్షింతలు నా మీద వేసెయ్యడానికి కూడా సిద్ధంగా ఉన్నారు, అల్లుడు నొచ్చుకోకుండా ఉంటే చాలు! రెండేళ్ళుగా సీతమ్మవారి మొహం కోసం కాచుకున్న మనిషి. నాకు సిగ్గుతో కళ్ళు చెమర్చాయి.

"అత్తయ్యగారూ, లేవండి. సత్యవతిగారింటికి వెళ్దాం" అన్నాను.

డెబ్బై రెండేళ్ళ మనిషి, కంటి ఆపరేషన్ అయిన మనిషి, నా మాట పూర్తయ్యేలోపే గడప దాటేశారు. చెప్పులు కూడా వేసుకోలేదు.

వసారాలో చీకటి మూలన, బల్ల మీద, మా పాత టీవీ. జనం దారిచ్చారు. అత్తయ్యగారు ముందు చాప మీద కూర్చున్నారో లేదో సూత్రధారణ అయింది. ఆవిడ అక్షింతలు సరిగ్గా సీతమ్మవారి తల మీద పడ్డాయి. నల్లకళ్ళద్దాల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"కనపడుతోందాండీ?" అని అడిగాను.

ఇరవై ఏళ్ళలో మొదటిసారి, పద్మ మీదుగా కాకుండా, నేరుగా నా వైపు తిరిగారు. "చాలా బాగా కనపడుతోందండి బాబుగారూ! ఎంతైనా మీరు ఏరి కొన్న టీవీ కదండీ!"

వీధంతా పకపకా నవ్వింది. ఆవిడ ఒక్కరే నవ్వలేదు. మనస్ఫూర్తిగానే అన్నారు మరి!

కొత్త టీవీ ఇప్పటికీ మా గోడ మీదే ఉంది. పద్మ పొద్దున్నే దాని ముందు నిలబడి జడ వేసుకుంటుంది, అద్దం కంటే తేటగా ఉందట. నేను మాత్రం, కాంతి పరావర్తనం పాఠం పద్దెనిమిదిసార్లు చెప్పిన ఈ నేను, కుడిచేత అక్షింతలు పట్టుకుని, సత్యవతిగారి తెల్లగోడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ టీవీ కొన్నా ముందు మా గుమ్మం కేసి చూస్తాను. నా నోటుపుస్తకంలో అత్తయ్యగారి అభిప్రాయం మాత్రం ఈ జన్మలో రాయను.