కుడికి తిప్పమన్న మాస్టారు

శ్రీరామ్మూర్తి ఈత గురించి మూడు పుస్తకాలు చదివాడు. ఈత ఇప్పటికీ రాదు. ఉక్కు కర్మాగారం భద్రతా విభాగంలో ముప్పయ్యేళ్లు జాగ్రత్తలు చెప్పి రిటైరయ్యాక, గాజువాక దాటి సముద్రపొడ్డున గాలిపటం బళ్ల క్లబ్బు ఒకటి ఆయన కంటబడింది. మూడు చక్రాల బండి, దాన్ని లాగడానికి దుప్పటంత గాలిపటం. ఇంజను లేదు, బ్రేకు లేదు, హారను అసలే లేదు. "ఇక నియమాలే దిక్కు," అన్నారు క్లబ్బువాళ్లు. ఆ మాట వినగానే ఆయన చొక్కా చేతులు మడిచాడు.

మూడేళ్లుగా ప్రతి ఆదివారం, పోటు తగ్గి ఇసక గట్టిపడ్డాక, కొత్తవాళ్లకు పుల్లతో గీతలు గీసి పాఠం చెప్పేవాడు. బండి మాత్రం ఎక్కేవాడు కాదు. అడిగితే నడుంనొప్పి అనేవాడు. నడుం నిక్షేపంలా ఉండేది. నొప్పల్లా ధైర్యానికే.

అరవై నాలుగు నిండాక ఏం తోచిందో, ఈసారి పందేనికి తన పేరూ రాసేశాడు. నెలరోజులు ఎవరూ లేని వేళల్లో ఒంటరిగా బండి నడపడం నేర్చుకున్నాడు. ఎదురుగా ఎవరూ రానప్పటి నేర్పు అది. పందెంలో దిగాలంటే మాత్రం ఎదురొచ్చే బండిని తప్పుకునే ఎదురు పరీక్ష నెగ్గాలి. తప్పినవాళ్లకు అదే రోజు రెండో అవకాశం లేదు. ఈ రెండు నిబంధనలూ ఆయన పెట్టినవే.

పందెం వారం రోజులుందనగా, ఆఖరి పరీక్షకు బయల్దేరుతుంటే భార్య గౌరీశ్వరి, "వంటింటి గుమ్మంలో నానెదురొస్తే ఎటు తప్పుకోవాలో తెలీక నిలబడిపోతారు. మీకు పందేలేటి?" అంది.

ఆయన బండి నియమాల పుస్తకం చంకన పెట్టుకుని గుమ్మం దాటాడు.

పరీక్షకు ఆయనతో జతపడింది మాహిరా. వన్‌టౌన్‌లో తాళాల కొట్టున్న నజీర్ కూతురు. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిప్పాలన్నది నియమం. రోజూ స్కూటీ మీద కాలేజీకి పోయే పిల్ల, అలవాటుగా ఎడమకు తిప్పి రెండుసార్లు తప్పింది. తప్పిందని రాసిందీ ఆయనే.

"ఇది రోడ్డు కాదమ్మా," అన్నాడు. "నిద్దట్లో లేపినా కుడి అనాలి. అనుమానమొస్తే ఎర్ర పట్టీ లాగెయ్. గాలిపటం చతికిలబడుతుంది, బండి ఆగుతుంది."

"అన్నం తింటూ కూడా కుడి కుడి అనుకుంటన్నాను సార్. మా అమ్మీ మంత్రం ఊదిస్తానంటంది."

చెరో చివర నుంచీ బయల్దేరారు. గాలి ఒక్క ఊపున లాగింది. మాహిరా బండి సూటిగా మీదికి వస్తోంది. శ్రీరామ్మూర్తికి నియమం గుర్తొచ్చింది, పుస్తకంలో పేజీ గుర్తొచ్చింది, పక్కనున్న బొమ్మ కూడా గుర్తొచ్చింది. "కుడి" అని పైకి అన్నాడు కూడా. బండిని తిప్పేది నోరు కాదు, కాళ్లు. ముప్పయ్యేళ్లు గాజువాక రోడ్డు మీద స్కూటరు తోలిన మనిషి కాళ్లు ఎడమకు తిప్పాయి.

కుడికి తిప్పిన మాహిరా నేరుగా ఆయనకు అడ్డం వచ్చింది. చూసింది, ఎర్ర పట్టీ లాగింది, ఆగింది. ఆయన ఆమె ముందు నుంచి జానెడు దూరంలో దూసుకుపోయాడు. పట్టీ అనేది ఒకటుందని, ఒడ్డున ఎండుచేపలు ఆరబెట్టుకునే నూకాలు పరిచిన పట్టా మీద బండి ఆగిపోయాక గుర్తొచ్చింది.

"ఏటి మేస్టారూ, ఆళ్లకి కుడి సెప్పి మీరు ఎడం ఒచ్చినారు," అంది నూకాలు. "మూడేళ్లబట్టి ఇంటన్నాను. మీ పాఠం నాకే కంఠతా ఒచ్చీసింది. దిగండి, సేపలు మళ్లీ పరవండి. తలకాయలన్నీ ఒక్కేపుండాల."

"ఏ వైపమ్మా?"

"కుడేపు."

చేపలు పరుస్తుంటే మాహిరా పరీక్ష రిజిస్టరు పట్టుకుని వచ్చింది. "సార్, గాలి తిరిగినట్టుంది కదా. ఇంకోసారి పెట్టుకుందామా? ఎవరూ చూడలేదు."

"నానుండగా?" అంది నూకాలు.

శ్రీరామ్మూర్తికీ ఆశ పుట్టింది. గాలి తిరగలేదని ఆయనకు తెలుసు. ఈ పిల్లకు రెండుసార్లు ఇవ్వని అవకాశం తనకెలా ఇచ్చుకుంటాడు? చేపల చేతులతోనే రిజిస్టరు తీసుకుని, మాహిరా పేరు పక్కన 'నెగ్గింది' అని, తన పేరు పక్కన 'తప్పాడు' అని రాశాడు.

పందెం రోజున ఆయన చేతికి జెండా ఇచ్చి గీత దగ్గర నిలబెట్టారు. మాహిరా ఏడోదిగా వచ్చింది. ఎదురైన ప్రతి బండికీ కుడికే తిప్పింది. అలా తిప్పినప్పుడల్లా వెనకనుంచి నూకాలు "కుడి" అనేది. ఆమె తర్వాత శ్రీరామ్మూర్తీ అనేవాడు. ఇసకలో ఆయన పాదాలు మాత్రం, ప్రతిసారీ, ఎడమకే తిరిగేవి.