చింతపండుతో తోమిన మూత

కెనడాలో మేముండే గ్వెల్ఫ్ ఊరు దాటి ఇరవై నిమిషాలు డ్రైవ్ చేస్తే మొక్కజొన్న పొలం అంచున ఊదా పూల లైలాక్ పొదలు నాలుగు కనిపిస్తాయి. వాటి మధ్య ఇప్పుడు గడ్డి తప్ప ఏమీ లేదు. ఎవరూ నాటకుండా లైలాక్ అలా వరసగా పెరగదు కాబట్టి ఒకప్పుడు అక్కడ ఇల్లు ఉండేదని అర్థం. ఇలాంటి సంగతులు, నేలలో పూడిన లోహాన్ని పసిగట్టే మెటల్ డిటెక్టర్ కొన్నాకే నాకు తెలిశాయి.

అది సెకండ్ హ్యాండ్‌ది. మా పాపకు రెండేళ్లు నిండినా నా భయాలు తగ్గలేదు. ద్రాక్షపండు గొంతుకి అడ్డం పడుతుందేమో, మెట్ల మీంచి జారుతుందేమో, నిద్రలో ఊపిరి ఆడుతోందో లేదో. ఇంట్లో ఉన్నంతసేపూ తల ఆగదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేలకేసి చూస్తూ నడుస్తుంటే కాసేపు ఆగుతుంది. కింద ఇనుము ఉంటే మెషిన్ గుర్రుమంటుంది, రాగో ఇత్తడో ఉంటే సన్నగా మోగుతుంది. శనివారం పొద్దున మా ఆయన పాపను చూసుకుంటే నాకు ఆ రెండు గంటలు దొరికేవి.

ఆ స్థలం ఎనభై దాటిన ఒక పెద్దావిడది. పొలానికి అవతల చిన్న ఇంట్లో ఉంటుంది. ఆమె పుట్టిన ఇల్లు ఈ పొదల మధ్యే ఉండేదట. ఆమెకు నాలుగేళ్లప్పుడు కాలిపోయింది. మనుషులు బయటపడ్డారు, ఫొటోలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. ఆ ఇల్లు ఎలా ఉండేదో ఎంత ప్రయత్నించినా కళ్ల ముందుకు రాదని నాతో రెండుసార్లు చెప్పింది. తవ్వుకోమంటూనే ఒక షరతు పెట్టింది. తుప్పు పట్టిన మేకైనా సరే, ముందు తనకు చూపించాలి. నేను తెచ్చిన మేకుల్ని, విరిగిన చెంచాని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేది.

మే నెలలో ఒక శనివారం జానెడు లోతున ఇత్తడి డబ్బా మూత దొరికింది. అరచేతిలో సగం ఉంటుంది. మట్టి దులిపితే, ఆకుపచ్చగా నల్లబడ్డ పైపొర మీద కత్తి మొనతో ఎవరో గీసిన బొమ్మ కనిపించింది. ఒక ఇల్లు. వాలుగా కప్పు, పొగ గొట్టం, తలుపు, కిటికీలు. గడ్డిలోనే కూర్చుని చాలాసేపు చూశాను. పెద్దావిడ ఇంటికి వెళ్లి తలుపు కొడితే ఎవరూ పలకలేదు. వాకిట్లో కారు కూడా లేదు. వచ్చేవారం ఇద్దామని ఇంటికి తెచ్చాను.

బూట్లు విప్పేలోపు పాప దాన్ని బల్ల మీంచి తీసి నోట్లో పెట్టుకుంది. లాక్కున్నాను. అది ఏడుపు మొదలుపెట్టింది. ఎన్నేళ్ల మట్టో, అందులో సీసం ఉందో, ఏ మందు చల్లిన పొలమో. సబ్బుతో కడిగితే నాకు చాలలేదు. ఇత్తడి కనిపిస్తే నా చేయి చింతపండు డబ్బా మీదికే పోతుంది. ఉప్పు కలిపి, దీపపు కుందుల్ని తోమినట్టే వేళ్లు నొప్పి పుట్టేదాకా తోమాను. కడిగి చూస్తే మూత మెరిసిపోతోంది. ఇల్లు లేదు. ఆ గీతలు పైపొరలోనే ఉన్నాయి, లోహందాకా దిగలేదు.

మా ఆయన వచ్చి చూసి, "బాగా వచ్చిందే. దేవుడి దగ్గర పెట్టేద్దామా?" అన్నాడు. జరిగింది చెప్పాక కాసేపు తల గోక్కున్నాడు.

"మూత దొరికిందని ఇచ్చెయ్. బొమ్మ ఉండేదని ఆవిడకెలా తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా."

"నీకు తెలిసినవన్నీ చెప్పుకుంటూ పోతే ఈ ఊళ్లో మనల్ని ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు తల్లీ."

ఆ వారమంతా అతను చెప్పినట్టే చేద్దామనుకున్నాను. గొడవపడే ఓపిక లేదు, క్షమాపణ చెప్పే ఓపిక అసలు లేదు. తీరా శనివారం ఆమె వంటింట్లో కూర్చోగానే మొత్తం చెప్పేశాను. చింతపండంటే ఏమిటో కూడా చెప్పాల్సి వచ్చింది. ఆమె మూతను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో అటూ ఇటూ వాల్చి చాలాసార్లు చూసింది. తర్వాత ఒక పాత కవరు, పెన్సిలు తెచ్చి నా ముందు పెట్టి, చూసింది చూసినట్టు గీయమంది.

కప్పు గీశాను. ఎడమవైపు పొగ గొట్టం, మధ్యలో తలుపు గీశాను. వాటి గురించి నాకు అనుమానం లేదు. కిటికీల దగ్గర చేయి ఆగిపోయింది. రెండా, మూడా? రెండు గీస్తే ఆమె నమ్మేది. ఇక ఆ ఇల్లు ఆమెకు జీవితాంతం రెండు కిటికీలతోనే ఉండేది. గుర్తులేదని చెప్పి పెన్సిలు పక్కన పెట్టాను.

ఆమె కవరు తన వైపు తిప్పుకుంది. తలుపుకి అటూ ఇటూ ఉన్న ఖాళీని చూస్తూ కూర్చుంది. నేను తిట్ల కోసం ఎదురుచూస్తున్నాను. తిడితే లేచి వెళ్లిపోవచ్చు.

"నాకూ గుర్తులేదు," అంది చివరికి. కవరు మడవకుండా టీ డబ్బాకి ఆనించి నిలబెట్టింది.

నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచింది. "ఇకమీద ఏం దొరికినా మట్టితోనే తీసుకురా. కడగడం నా పని."

సరేనన్నాను. ఆ రోజు మెషిన్ కారులోంచి దించలేదు.