సగం సామెతల మామయ్య

మా మామయ్య తన ముందు ఎవరినీ సామెత పూర్తి చేయనిచ్చేవాడు కాదు. అచ్చాఫీసులో ముప్పయ్యేళ్లు ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. దిద్దడానికి కాగితాలు కరువయ్యాక జనం నోళ్ల మీద పడ్డాడు.

అందుకు ఆయన ఎంచుకున్న చోటు మా నాన్న టైలరు షాపు. వానాకాలమంతా కప్పు కారే ఆ గదిలో, నేను కాజాలు కుట్టే మూల పక్కనే స్టూలు వేసుకునేవాడు. జబ్బు చేసి లేచాక నాన్న కుడిచెయ్యి వణికేది. గుడ్డ వంకరగా తెగితే కత్తెర మొద్దుబారిందనేవాడు. నెలలో మూడుసార్లు సాన పట్టించాం, ఇంకోసారి పట్టిస్తే సూదే మిగిలేది. ఆ కత్తెర వదిలేస్తే నాన్న మంచం పడతాడని నాకు భయం.

ఒకరోజు బడిపంతులు తన చొక్కా అందుకుంటూ, "కత్తెరదేముంది మేస్త్రీ? ఆడలేక..." అని మొదలుపెట్టాడు.

"ఆగండి," అన్నాడు మామయ్య. "సామెత అంటే అర్థమేమిటి?"

"సామెతంటే సామెతే."

"సామ్యత నుంచి వచ్చిందంటారు పెద్దలు. సామ్యమంటే పోలిక. పోలిక లేకపోతే అది సామెత కాదు, ఉత్త నోటిదురద. ఇప్పుడు చెప్పండి, ఇక్కడ ఆడేదెవరు, మద్దెల ఏది?"

పంతులు పాఠం అప్పజెప్పలేని పిల్లాడిలా తల గోక్కుని వెళ్లిపోయాడు. చంక కింద బిగుతు సంగతి అడగనే లేదు.

మిషను బెల్టు తెగిన రోజు "మూలిగే నక్క మీద..." అన్న పాలవాడు, నక్క ఎవరో తేల్చలేక పారిపోయాడు. "గోరుచుట్టు మీద..." అన్న మా పిన్నికైతే గంటసేపు క్లాసు. ఈయన ఉంటే గిరాకీ రాదని నాకు ఒళ్లు మండేది.

తర్వాత మామయ్య జ్వరమొచ్చి వారం రాలేదు. మూడోరోజు ఒకావిడ జాకెట్టు విదిలించి చూపిస్తూ, "ఆడలేక మద్దెల ఓడంటే ఇదే," అంది. నాన్న కత్తెర పెట్టెలో పెట్టి తాళం వేశాడు. మామయ్య ఉండగా మా షాపులో ఆ సామెత రెండో సగం నేనెప్పుడూ వినలేదని అప్పుడు తట్టింది. సిగ్గేసింది.

సోమవారం మామయ్య మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. నాన్న ఆయన ముఖం చూడకుండా, "ఆడలేక మద్దెల ఓడన్నది నేనే బావా. కత్తెర మంచిదే, చెయ్యే పోయింది," అన్నాడు.

ఈసారి మామయ్య అడ్డుపడలేదు. చివరిదాకా విన్నాడు.

"పోలిక కుదరలేదు," అన్నాడు. "ఆట నీకొచ్చు. కొలత నువ్వు చెప్పు, గీతలు అమ్మాయి గీస్తుంది, కత్తెర నేను పడతాను. ముందు నా చొక్కా కుడదాం."

కుట్టాం. ఒక చెయ్యి మణికట్టు దాటింది, ఇంకోటి మోచేతి దగ్గరే ఆగింది. మామయ్య అది తొడుక్కుని షాపు గుమ్మంలో నిలబడ్డాడు. అటుగా వెళుతున్న పంతులు ఎగాదిగా చూసి, "ముగ్గురు కలిసి కుట్టింది ఇదా? కొండను తవ్వి..." అన్నాడు.

"ఆగండి," అని మామయ్య పొట్టి చెయ్యి ఎత్తాడు. "సామెత అంటే..."

"ఎలుకను పట్టినట్టు," అని లోపలి నుంచి నాన్న పూర్తి చేసి, జబ్బు చేశాక మొదటిసారి పకపకా నవ్వాడు. ఆయన్ని మాత్రం మామయ్య పోలిక అడగలేదు.