నేపాల్ చేరాల్సిన గొంగడి మిర్యాలగూడ మిల్లులో దొరికింది

ఇది సరదాగా పెట్టుకున్న ప్రయాణం కాదు. ఏడో తరగతి చదివే మా అమ్మాయి భావన నాలుగు నెలలుగా అడుగుతున్న ఒకే ప్రశ్నకు జవాబు చెప్పలేక బయలుదేరాం. చలికాలానికి ముందు వాళ్ళ బడిలో నేపాల్ కొండల్లోని ఒక అనాథాశ్రమానికి పెట్టెలు కట్టే కార్యక్రమం పెట్టారు. ఇంటికో పెట్టె, అందులో ఒక దుప్పటి, ఒక బొమ్మ, పిల్లలు రాసిన ఉత్తరం. మాది గొర్రెలు కాసే ఇల్లు. నేరేడుచర్ల పక్క పల్లెలో ఉండే మా అత్తమ్మ, అక్కడి పిల్లలకు అమ్మానాన్నలు లేరనీ చలికి వణుకుతారనీ మనవరాలు చెప్పగానే లోపలికి వెళ్ళి గొంగడి తెచ్చి ఇచ్చింది. దాని ఉన్ని వడికింది ఆమె, నేసింది మా మామ. ఆయన పోయాక ఆ మగ్గం మీద ఇంకో గొంగడి దిగలేదు. అదే ఆఖరిది.

బడిలో టీచర్ మొదట గొర్రె వాసన అని ముక్కు చిట్లించింది. ఫొటోలు తీసేవాడు రాగానే మాత్రం అదే గొంగడిని అన్నిటికన్నా ముందు పరిచింది. ఆ ఫొటోను నేనూ గొప్పగా స్టేటస్‌లో పెట్టుకున్నాను, దాచడమెందుకు. తర్వాత మొదలైంది భావన ప్రశ్న: "అక్కడి పిల్లకు గొంగడి చేరిందా అమ్మా?" బడిలో అడిగితే పెట్టెలు తీసుకెళ్ళిన కోదాడ సంస్థను అడగమన్నారు. సంస్థ ఫోన్ ఎన్నిసార్లు చేసినా ఎత్తరు. మా ఆయనకు మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు. నేను పనిచేసే మందుల షాపులో సెలవు పెట్టి, రెండో శనివారం పొద్దున ఏడింటికి నేనూ భావనా సూర్యాపేట బస్టాండుకు చేరాం.

ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం, కానీ ఆధార్ కార్డు చూపించాలి. భావన కార్డులో ఫొటో ఐదేళ్ళప్పటిది. కండక్టర్ దాన్నీ పిల్లనూ మార్చి మార్చి చూసి, "జర కొత్త ఫొటో దింపియ్యమ్మా, గీ బుగ్గలు యాడికి పోయినయ్?" అని జీరో టికెట్ కొట్టిచ్చాడు. ఆ రోజు మేం నవ్వింది అక్కడ ఒక్కచోటే. హైవే మీద గంట దాటాక కోదాడలో దిగాం. బస్టాండు ఎదురుగా ప్లేటు ఇడ్లీ ముప్పై రూపాయలు, చట్నీ బాగుంది.

సంస్థ ఆఫీసు పది నిమిషాల నడక. షట్టర్ వేసి ఉంది. బోర్డు మీద నవ్వుతున్న పిల్లల బొమ్మ అలాగే ఉంది, కింద 'అద్దెకు ఇవ్వబడును' అని చీటీ అంటించారు. పక్క షాపు టైలర్ మిషన్ ఆపి బయటికి వచ్చాడు.

"ఖాళీ చేసి మూడు నెలలయిందమ్మా. పెట్టెలన్నీ మిర్యాలగూడ మిల్లుకు పంపించారు. లారీ ఎక్కిస్తుంటే నేనే చూశాను."

"నేపాల్ కాదా?" అంది భావన.

ఆయన పిల్ల ముఖం చూసి, ఏమనుకున్నాడో, మిల్లు పేరు ఒక బట్ట ముక్క మీద సుద్దతో రాసి దాని చేతిలో పెట్టాడు.

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు రెండు గంటలు. నేరేడుచర్ల రాగానే భావన కిటికీ లోంచి చూస్తూ, "మళ్ళొచ్చేటప్పుడు దిగుదాం, నానమ్మకు చెప్పాలి కదా" అంది. మిర్యాలగూడలో ఆటో ఎక్కి మిల్లు దగ్గరికి అంటే డ్రైవర్ నవ్వాడు. "ఏ మిల్లమ్మా, గీడ మిల్లులు తప్ప ఏమున్నయ్?" భావన బట్ట ముక్క చూపించింది. ఎనభై రూపాయలు తీసుకుని గేటు ముందే దించాడు.

మిల్లు సేటు డెబ్బై దాటిన మనిషి. మేం ఎందుకొచ్చామో విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వారం రోజులు పెట్టుకుంటమన్నరమ్మా. పుణ్యకార్యమని గోడౌన్ల జాగా ఇచ్చిన. నాకు శాలువ కప్పి ఫొటో దిగిన్రు, పోయిన్రు. ఇగ మల్ల మొఖం సూపియ్యలే. చలికి కప్పుకుంటమని హమాలీలు అడిగిన్రు గని, పెట్టెల మీద పిల్లల పేర్లున్నయ్, ముట్టొద్దన్న."

ధాన్యం బస్తాల వెనక, గోడ వారగా పెట్టెలన్నీ ఉన్నాయి. రంగు కాగితాలు ఎలుకలు కొట్టేశాయి. భావన తన చేతిరాత చూసి తన పెట్టెను తానే లాగింది. గొంగడి ఒక మూల కొరికేసి ఉంది, తక్కినదంతా బాగానే ఉంది. దాని మడతలో భావన రాసిన ఉత్తరం, అంటించింది అంటించినట్టే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఎవరిని తిట్టను? ఎదురుగా ఉన్నది ఈ ముసలాయన ఒక్కడే.

సంస్థవాళ్ళు వదిలేసిన ఒక ఫైలు ఆయన తెచ్చిచ్చాడు. అందులో ఆశ్రమం నుంచి వచ్చిన ఇంగ్లీషు ఉత్తరం ఉంది. భావన చదివి మాకు తెలుగులో చెప్పింది: దయచేసి దుస్తులు, బొమ్మలు పంపకండి, సరిహద్దులో పన్ను కట్టి విడిపించుకోలేకపోతున్నాం. మా పిల్లల్లో చాలామందికి మేనమామో అమ్మమ్మో ఉన్నారు, వాళ్ళను ఆ ఇళ్ళకే చేర్చాలని చూస్తున్నాం. మీ కుటుంబాలు కలిసి అలాంటి ఒక్క బిడ్డ బడి ఫీజు చూసుకుంటే చాలు. మీ పిల్లలు ఏం తింటారో, ఏం ఆడుకుంటారో రాస్తే మా పిల్లలు జవాబు రాస్తారు. ఇదీ ఆ ఉత్తరం సంగతి.

పైన తేదీ పెట్టెలు కట్టడానికి నెల ముందుది. సంస్థ దాన్ని బడికీ చూపించినట్టుంది, కింద 'అందినది' అని భావన చదివే బడి ముద్ర.

"మరి మా సార్లకు ముందే తెలుసు కదమ్మా?"

"తెలుసు."

"తెలిసి కూడా ఎందుకు కట్టించిన్రు?"

ఫొటోల కోసమని నాకు తెలుసు. ఆ ఫొటో నా ఫోన్‌లోనూ ఉంది.

సాయంత్రం నాలుగింటికి నేరేడుచర్లలో దిగి, మనిషికి ఇరవై ఇచ్చి షేర్ ఆటోలో పల్లెకు వెళ్ళాం. దారంతా నేనొక అబద్ధం తయారుచేసుకున్నాను: గొంగడి పంపే వీల్లేక వేరే దుప్పటి పంపారని. అత్తమ్మ గొర్రెపిల్లలకు ఆకు వేస్తూ, మనవరాలి చంకలోని గొంగడి చూసి ఆగిపోయింది. నేను నోరు తెరిచేలోపే భావన జరిగిందంతా చెప్పేసింది. అత్తమ్మ ఎలుకలు కొట్టిన మూలను చాలాసేపు వేళ్ళతో తడిమింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. నేనే ఏడ్చాను.

"తీస్కో నానమ్మా, నీ పెట్టెల దాచుకో," అంది భావన.

"నాకెందుకు బిడ్డా? ఇచ్చినంక మనది కాదు. అది గా పిల్లది."

"గాడికి పోదంట నానమ్మా."

"పోకపోతే నీ కాడ ఉంచు. పురుగు పట్టకుండ ఎండకెయ్యి. పరాయి పిల్ల సొమ్ము, జాగర్త."

ఆ పెట్టెలు కట్టిన, కట్టించిన పెద్దలందరిలో ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే చూసింది చదువురాని మా అత్తమ్మ ఒక్కతే. మా పిల్లలకు దయ నేర్పుతున్నామని చెప్పి, ఫొటోకు నిలబడటం నేర్పాం. సోమవారం బడికి వెళ్ళి అడిగితే, "మా ఉద్దేశం మంచిదే కదా మేడమ్" అన్నారు. స్టేటస్‌లో ఎప్పుడో పోయిన ఫొటోను ఆ రోజు ఫోన్‌లోనూ తీసేశాను. మాతో పాటు మరో రెండు కుటుంబాలు ముందుకొచ్చాయి, ఫీజు సంగతి ఆశ్రమానికే నేరుగా రాసి అడిగాం. భావన అక్కడి పిల్లకు జొన్నరొట్టె గురించి, కబడ్డీ గురించి ఒక ఉత్తరం రాసింది. చివర్లో 'నీ గొంగడి మా ఇంట్లో భద్రంగా ఉంది' అని కలిపింది. జవాబు ఇంకా రాలేదు. ప్రతి ఆదివారం గొంగడిని డాబా మీద ఎండకేసి, సాయంత్రం మడిచి పెడుతుంది. మొన్న జ్వరమొచ్చి నేను కప్పుకోబోతే, నా చేతిలోంచి తీసుకుని మామూలు దుప్పటి తెచ్చి ఇచ్చింది.

మీ పిల్లల బడిలోనూ ఇలాంటి పెట్టెలు కట్టమంటే ఒక్క పని చేయండి. అక్కడివాళ్ళు ఏం కావాలని అడిగారో, ఆ ఉత్తరం చూపించమనండి. చూపించనివాళ్ళకు చేతిరుమాలు కూడా ఇవ్వకండి.