మడత పెట్టిన పేజీలు నావే

మా చీపురుపల్లిలో నా గురించి ఒక మంచి మాట తిరుగుతోంది. దాన్ని ఆపడానికే ఇది రాస్తున్నాను. మాతో రోజూ రైలెక్కే సిస్టరమ్మ పుస్తకాలు పాత కాగితాల తూకానికి పోతుంటే మాస్టారు జాలిపడ్డారట. ఆ దెయ్యాల సీరియళ్ళన్నీ తాను చదివానని అందరి ముందూ అబద్ధం ఆడి ఆవిడ పరువు నిలబెట్టారట. ఇంకొంతమంది నేను ముందురోజు కూచుని వాటిని బట్టీ పట్టి వచ్చానని కూడా అంటున్నారు. మొన్న టీ కొట్టు దగ్గర ఒకాయన నా భుజం తట్టి, మీలాంటివాళ్ళు అరుదండీ అన్నాడు. ఆ టీ సగంలో వదిలేసి వచ్చాను.

నేను జాలిపడలేదు. ఆ రోజు అబద్ధమూ ఆడలేదు. నా అబద్ధం అంతకు ముందు చాలా ఏళ్ళపాటు నడిచింది. అది తెలియకుండా నన్ను మెచ్చుకుంటే ఆవిడకి రెండోసారి అన్యాయం జరిగినట్టే.

నేను విజయనగరంలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. పొద్దున్న పాసింజరులో వెళ్ళి సాయంత్రం దాంట్లోనే తిరిగి వస్తాను. సీజన్ టిక్కెట్టు వాళ్ళం కొందరం ఎప్పుడూ ఒకే పెట్టెలో ఎక్కుతాం. కరెంటాఫీసులో పనిచేసే మా బావ, అంటే మా అక్క మొగుడు, డిటెక్టివ్ నవలలు తప్ప ముట్టడు. రిటైరైన రైల్వే గార్డుగారికి ఏ పనీ లేకపోయినా ఆ రైలెక్కకపోతే తెల్లారదు. ఆయనవి యోగుల చరిత్రలు, తీర్థయాత్రల పుస్తకాలు. సిస్టరమ్మ ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. ఆవిడకి మంత్రగాళ్ళు, దెయ్యాలు, శాపాలు ఉండాలి. నావి, ఏం చెప్పను, సాహిత్యం. ఆ మాటని నేను ఒత్తి పలికేవాణ్ణి.

పుస్తకాలు మార్చుకోవడం ఎలా మొదలైందో ఎవరికీ గుర్తు లేదు గానీ, దానికో పద్ధతి ఏర్పడింది. ఎవరి రకం పుస్తకం వాళ్ళకి ఇవ్వకూడదు. గార్డుగారికి హత్యలు ఇవ్వాలి, బావకి యోగులు ఇవ్వాలి. చదవలేకపోతే ఎక్కడ ఆపామో ఆ పేజీ మూల మడిచి తిరిగి ఇచ్చెయ్యాలి. ఇచ్చినవాళ్ళు ఎందుకని అడగకూడదు. ఈ నియమం బావ పెట్టిందే. "తినలేనోడి నోట్లో కుక్కితే కక్కేస్తాడు, ఆపైన మనకే కంపు" అన్నాడు. అదే పూర్తిగా చదివితే మాత్రం మడత ఉండకూడదు. అప్పుడు ఇంకో పని ఉంటుంది. గరివిడి స్టేషను దాటాక లేచి నిలబడి, ఆ పుస్తకం ఎందుకు చదవాలో పెట్టెలో అందరికీ వినిపించేలా చెప్పి, ఒక మనిషిని ఎంచుకుని వాళ్ళ చేతిలో పెట్టాలి. నెల్లిమర్ల వచ్చేదాకా చెప్పొచ్చు.

సిస్టరమ్మ తెచ్చేవి కొట్లో కొన్నవి కావు. వాళ్ళమ్మ తన రోజుల్లో వారపత్రికల్లో వచ్చిన సీరియళ్ళని వారం వారం చింపి దాచి, కథ అయిపోయాక వరసగా పేర్చి, గోనె కుట్టే దబ్బనంతో కుట్టేదట. పైన జాకెట్టు గుడ్డ ముక్కలతో అట్ట. ఒకటి పసుపు పువ్వులది, ఒకటి నీలం చుక్కలది. పుస్తకం పేరు ఎక్కడా ఉండదు కాబట్టి మేం వాటిని అట్ట గుడ్డని బట్టి పిలిచేవాళ్ళం. కథ మధ్యలో సగం చిరిగిన తలనొప్పి మాత్రల ప్రకటన, ఒక పక్కన వంకాయ కూర చేసే విధానం. ఆ సీరియళ్ళు పుస్తకాలుగా వచ్చాయో లేదో ఎవరికీ తెలీదు. ఆవిడ దగ్గర ఉన్నదే ప్రతి.

మొదటిసారి నాకు నీలం చుక్కలది ఇచ్చింది. అత్తవారింట్లో నూతిలోకి తోసేసిన ఒక కోడలు తిరిగి వస్తుంది. ఎవరి పీకా పిసకదు. సాయంత్రం వంటింటి వెనకాల వచ్చి నిలబడుతుంది. అత్తగారికి నేల మీద తడి పాదాలు కనిపిస్తాయి, అంతే. నేను వెక్కిరించడానికే మొదలుపెట్టాను. ఆదివారం డాబా మీద కూచుని, పేపరుతో దానికింకో అట్ట వేసుకుని, మధ్యాహ్నం భోజనానికి పిలిచినా లేవకుండా చదివాను. మా ఆవిడ పైకొచ్చి, కళ్ళు ఎందుకలా ఉన్నాయని అడిగింది. ఎండ అన్నాను.

సోమవారం పెట్టెలో కూచున్నాక సంగతి అర్థమైంది. చదివేశానంటే లేచి నిలబడాలి. ఎదురు బల్ల మీద మా కాలేజీ పిల్లలు ఉన్నారు. వాళ్ళకి నేను అంతకు ముందు వారమే చౌకబారు రచనల గురించి క్లాసు పీకాను. గరివిడి వస్తోంది. నేను పుస్తకం తెరిచి మొదట్లోనే ఒక పేజీ మూల మడిచి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ మడత చూసింది. పద్ధతి ప్రకారం ఏమీ అడగలేదు. గుడ్డ అట్టని ఒకసారి అరచేత్తో తుడిచి సంచిలో పెట్టుకుంది.

ఇక్కడితో ఆగితే ఇంత రాయనక్కర్లేదు. ఆవిడ ఆగలేదు. నాకు నచ్చే దెయ్యం ఏదో ఒకటి ఉండే ఉంటుందని ఆవిడ నమ్మకం. దీంట్లో భాష బాగుంటాది మాస్టారూ అని ఒకటి తెచ్చింది. దీంట్లో దెయ్యం కన్నా ఊరు ఎక్కువుంటాదని ఇంకొకటి తెచ్చింది. రోగుల దగ్గర పనిచేసే మనిషి కదా, మందు పడకపోతే మార్చి చూసినట్టు మార్చి చూసింది. ప్రతిదీ చివరిదాకా చదివాను. ప్రతిదాని మూలా మడిచాను; తెలుగు మాస్టారే ఆపేశాడని వాటిని ఇంకెవరూ అడగలేదు. నిజంగా చదవలేదని నమ్మించడానికి ఒక్కోదానికి మొదటి పేజీల్లోనే ఒక్కో చోట మడిచేవాణ్ణి, అదొక తెలివి. ఆవిడ మాత్రం నేనిచ్చిన బరువైన నవలలు చదివేసి, లేచి నిలబడి, మొత్తం పెట్టె నవ్వేలాగా, ఒక్కోసారి మౌనంగా అయిపోయేలాగా చెప్పేది. నా పుస్తకాలకి పాఠకుల్ని నాకన్నా ఆవిడే ఎక్కువ తెచ్చింది.

తరవాత మా ఊళ్ళోనే ఎరువుల కొట్టు పైన గది ఒకటి దొరికింది. కొట్టాయన అద్దె వద్దన్నాడు. అక్కడ చదువుకునే గది పెడదామని అందరం పుస్తకాలు తెచ్చాం. వాళ్ళమ్మ పోయాక సిస్టరమ్మ ఆ కుట్టిన సీరియళ్ళన్నీ తెచ్చి ఒక అలమార నింపింది. అమ్మ ఉన్నప్పుడు వీధి వీధంతా పట్టుకెళ్ళి సదివేవారు, ఇక్కడుంటే మళ్ళీ అలాగ తిరుగుతాయని చెప్పింది.

గది చిన్నది, పుస్తకాలు ఎక్కువైపోయాయి. ఈ ఏడు వేసవిలో ఒక ఆదివారం కొన్ని తీసేద్దామని కూచున్నాం. ఏవి తియ్యాలన్న గొడవ రాకుండా గార్డుగారు ఒక దారి చెప్పారు. మన మడతలే చెబుతాయి కదా, మొదట్లోనే ఆపేసిన పుస్తకాలు తీసేద్దాం, ఇందులో ఒకరి ఇష్టం ఒకరి అయిష్టం ఉండదు అన్నారు. అందరూ సరే అన్నారు. నేనూ అన్నాను. నోట్లోంచి ఆ మాట వచ్చాక గానీ ఏం జరగబోతోందో నాకు తట్టలేదు.

పుస్తకాలు తెరిచి చూసి రెండు కుప్పలుగా వేస్తున్నారు. నా నవలలు ఉంచే కుప్పలోకి వెళ్తున్నాయి. గుడ్డ అట్టలవి ఒకటి తరవాత ఒకటి పోయే కుప్పలోకి. పసుపు పువ్వులు, ఆకుపచ్చ గీతలు, నీలం చుక్కలు. కింద పాత పేపర్లవాడి బండి వచ్చి ఆగింది. గార్డుగారు మొహమాటపడి, మీ అమ్మగారివి కాబట్టి ఇంటికి పట్టుకెళ్ళండమ్మా అన్నారు.

సిస్టరమ్మ కిటికీ దగ్గర ఒళ్ళో సంచి పెట్టుకుని కూచుంది.

"ఎవరూ సదవనివి ఇంటికి పట్టుకెళ్ళి ఏటి సేస్తానండీ. అమ్మకి నచ్చీవి, అంతే. బండిలో ఎయ్యించెయ్యండి" అంది.

వాటిని కుట్టిన చేతుల్ని పక్కన కూచుని చూసిన మనిషి ఆ మాట అంది. ఆ మాట అనేలా చేసింది నా మడతలు. నేను లేచాను.

"ఆ మడతలు నావి" అన్నాను. "ఆ కుప్పలోవి అన్నీ నేను చదివాను, చివరిదాకా. చదవలేదని చెప్పడానికి మడిచాను."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. బావే నవ్వాడు.

"ఏటి బావా, ఎండ దెబ్బా? సదివినోడు మడవడమేటి?"

సిగ్గుపడి, అన్నాను. దెయ్యాల సీరియలు చదివి ఏడ్చానని నా విద్యార్థుల ముందు చెప్పలేక అలా చేశానన్నాను. గార్డుగారు నా వైపు దయగా చూశారు. మీ మంచి మనసు మాకు తెలుసు మాస్టారూ, కూచోండి అన్నారు. ఊళ్ళో తిరుగుతున్న కథ అక్కడ పుట్టింది.

నన్ను నమ్మనిది ఆయనొక్కరే కాదు. సిస్టరమ్మ లేచి వచ్చి, పోయే కుప్పలోంచి నీలం చుక్కలది తీసింది. తెరవలేదు. చేత్తో పట్టుకునే అడిగింది.

"నూతిలోంచి వచ్చినాది కదా ఆ కోడలు. అత్తతోటి మొదట ఏటి మాటాడింది?"

"పాపకి తలంటు పోశారా అని అడిగింది" అన్నాను. "అత్త పోశాననలేక వంటింట్లో కూలబడిపోయింది. అక్కడితో ఆ వారం అయిపోతుంది. కింద తలనొప్పి మాత్రల ప్రకటన."

ఇంకొకటి తీసింది. అదీ చెప్పాను. మూడోదానికి ఆవిడ అడగకముందే నేను మొదలుపెట్టాను. శాపం తగిలిన పడవ, దాన్ని తగలెయ్యలేక ఒడ్డున కూచున్న ముసలివాడు.  ఇన్నేళ్ళూ గరివిడి దాటాక నిలబడి చెప్పాల్సినవన్నీ ఆ యూరియా బస్తాల వాసనలో చెప్పాను. ఇవి చౌకబారువి అన్నది నేనే, ఆ మాట తప్పు అన్నాను. పాఠాలు చెప్పడానికి పనికొచ్చేదే సాహిత్యం అనుకున్నాను, భోజనం మాన్పించినదాన్ని మాత్రం పేపరు అట్ట వేసి దాచుకున్నాను అన్నాను. మా కాలేజీ వాళ్ళు విన్నా సరే అన్నాను. ఆ మాట వాళ్ళదాకా వెళ్ళింది కూడా. ఇప్పుడు నన్ను దెయ్యాల మాస్టారంటారు. క్లాసులో వెనక బల్ల నుంచి ఎవడో కుక్కలా ఊళ వేస్తాడు. వెయ్యనీ.

చెప్పడం అయ్యాక సిస్టరమ్మ వైపు తిరిగాను. ఆవిడ సంతోషిస్తుందని నేను అనుకున్నాను. అది నా రెండో తెలివి.

"అయితే అన్నీ సదివేరన్నమాట" అంది.

"అన్నీ."

"మరెందుకండీ నన్నలాగ తిప్పేరు? మీకేటి పడతాదోనని డూటీలో కూచుని ఆలోసించీదాన్ని. ఇది కాదు, ఇంకోటి ఇద్దారని. అమ్మ ఉన్నప్పుడు అమ్మని కూడా అడిగీదాన్ని, మాస్టారికేది నచ్చుతాదే అని. ఇది కూడా మడిసేసేరంటే అమ్మ సిన్నబోయీది."

  వాళ్ళమ్మ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

గార్డుగారు తానే వంగి పోయే కుప్పలోంచి గుడ్డ అట్టలవి ఏరి అలమారలో సర్దారు. బండి ఖాళీగా వెళ్ళిపోయింది. మెట్లు దిగుతూ బావ, మీ అక్కకి సెప్తాను, దెయ్యాలకి బయపడి సిన్నప్పుడు పక్క తడిపీసినోడు ఇప్పుడు వాటికోసం ఏడస్తన్నాడని, అన్నాడు. పక్క తడిపింది మాత్రం అబద్ధం. మిగతాది ఎవరికైనా చెప్పుకోమన్నాను.

జరిగింది ఇది. జాలి ఎక్కడుంది ఇందులో? ఒక పాఠకుడు తన చదువుని తానే దొంగతనంగా దాచుకున్నాడు, దాంతో చదవమని ఇచ్చిన మనిషి తన ఇష్టాన్నే అనుమానించుకుంది. నన్ను తిట్టదలుచుకున్నవాళ్ళు తిట్టండి, ఒప్పుకుంటాను. మెచ్చుకుంటే మాత్రం ఊరుకోను. ఆ సీరియళ్ళు ఎలాంటివని అడిగితే వచ్చి చదవమంటాను. ఎరువుల కొట్టు పక్క మెట్లెక్కితే ఎడమ పక్క అలమార.

సిస్టరమ్మ ఇప్పుడూ ఆ పెట్టెలోనే ఎక్కుతుంది. పలకరిస్తే పలుకుతుంది. ఫలానా పుస్తకం చదవమని మాత్రం నాకు చెప్పడం మానేసింది. అలమారలోంచి నేనే తీసుకుంటున్నాను, పేపరు అట్ట లేకుండా, మా పిల్లల ఎదురుగానే చదువుతున్నాను. అయిపోయినప్పుడు లేచి చెబుతున్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటుంది. వింటోందో లేదో తెలీదు.

పోయిన గురువారం కొత్తది ఒకటి తెచ్చింది. వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో దొరికిందట, అదీ వాళ్ళమ్మ కుట్టిందే, ఎర్ర గళ్ళ అట్ట. శ్మశానంలో కాపలా ఉండే ఒక మంత్రగత్తె కథ అని బావకి చెప్పి అతని చేతిలో పెట్టింది. నీ తరవాత నాకు ఇవ్వు అని నేను బావని అడిగాను.

"ఆయనకెందుకులెండి. ఆయన సదవరు" అంది ఆవిడ, బావతో.

పెట్టెలో వాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు.

"చదువుతాను. చదివి ఇక్కడే నిలబడి చెబుతాను" అన్నాను.

"సెప్పండి, సూద్దాం" అంది. నా వైపు చూడకుండానే అంది.

బావ పెదాలు కదుపుతూ నిదానంగా చదివే మనిషి. రోజూ పొద్దున్న ఎంతవరకూ వచ్చిందని అడుగుతున్నాను. కథ చెప్పెయ్యమంటావా అని బెదిరిస్తున్నాడు. నేను చెవులు మూసుకుని పక్క పెట్టెలోకి వెళ్ళిపోతున్నాను.