కాకా నిలబెట్టిన ఆవుల మజ్రా

సౌదీలోని హఫర్ అల్ బాతిన్ నుంచి కువైట్ సరిహద్దు వైపు గంటసేపు ప్రయాణిస్తే మా కఫీల్ మజ్రా వస్తుంది. కఫీల్ అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, మజ్రా అంటే పశువుల్ని పెంచే పొలం. నేను అక్కడికి మొదట నీళ్ల పైపులు బిగించడానికి వెళ్లాను.

కాగితాల మీద అది కఫీల్‌దే. నిలబెట్టింది మాత్రం జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఆయన్ని అందరం కాకా అంటాం. వయసులో ఉన్నప్పుడు తాపీ పనికి వచ్చాడు. అప్పుడు అక్కడ ఒంటెలు, గొర్రెలు తప్ప ఏమీ లేవు. ఎవరో స్నేహితుడు కఫీల్‌కు దూడతో సహా ఒక ఆవును బహుమతిగా పంపాడు. దగ్గరికి వెళ్లినవాడినల్లా అది తన్నేది. ఇక కోయించేద్దామని కఫీల్ అనుకుంటుంటే, గోడ కడుతున్న కాకా కిందికి దిగి, ఈ ఒక్కరోజు నాకు వదిలేయమని సైగ చేశాడట. మధ్యాహ్నమంతా దాని గంగడోలు నిమురుతూ తెలుగులో ముచ్చట పెట్టాడు. సాయంత్రం గిన్నె నిండా పాలు తెచ్చి కఫీల్ తల్లి ముందు పెట్టాడు. ఆమె తాగి, రేపటి నుంచి ఇతను ఇటుక ముట్టకూడదని కొడుకుతో చెప్పింది.

కఫీల్ ఇంకో నాలుగు ఆవుల్ని కొని ఆయనకు అప్పగించాడు. మొదటి ఎండాకాలం వడగాలికి రెండు దూడలు చనిపోయాయి. కాకా మూడు రోజులు కొట్టం చుట్టూ తిరుగుతూ గాలి ఎటు నుంచి వస్తుందో చూశాడు. నాలుగో రోజు కొట్టం పీకి, ఉత్తరపు గాలి తగిలేలా మళ్లీ కట్టాడు. చుట్టూ తడి గోనెపట్టాలు వేలాడదీశాడు. ఆ తర్వాత మంద పెరిగింది. ఇప్పుడు ఎనభై దాకా ఆవులున్నాయి. సూడాన్ కాపలాదారుడు, పాకిస్తానీ డ్రైవర్ కూడా వాటిని "దా దా", "జరుగు" అంటూ తెలుగులోనే పలకరిస్తారు.

నేను పైపుల పనిలో ఉండగా కాకా మనవరాలి పెళ్లికని ఛుట్టీ మీద ఊరికి వెళ్లాడు. మిగతా ఆవులకు మిషన్ పెడతారు గానీ, ఆ మొదటి ఆవు సంతతిలోని ఒకటి మాత్రం చేత్తో పిండితేనే పాలిస్తుంది. కఫీల్ తల్లి ఆ పాలే తాగుతుంది. రెండు పూటలు అది ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తెలుగువాడిని గదా అని కఫీల్ నన్ను పిలిచి చేతికి బకెట్ ఇచ్చాడు. నేను పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ పాలు పిండలేదు. మొదటి తన్నుకే బకెట్ అంత దూరం ఎగిరిపడింది.

కాకాకు వీడియో కాల్ చేశాను. వెనక బాజాలు మోగుతున్నాయి.

"చేతులు కడిగినవా?" అన్నాడు.

"కడిగిన కాకా."

"పైపుల గమ్ము వాసన పోయిందా?"

వాసన చూశాను. పోలేదు. మళ్లీ సబ్బుతో రుద్ది వచ్చాను.

"ఇగ లేగను ఇడువు. అది నాలుగు గుక్కలు తాగినంక ఆవు పాలు సేపుతది. గప్పుడు పట్టు. గుంజకు, పిండు. ఏదన్న మాట్లాడు దానితోని."

ఏం మాట్లాడాలో తోచక మా ఊరి సంగతులు చెప్పాను. మా బావ కొత్త ట్రాక్టర్‌ను కాలువలో దింపిన ముచ్చట సగంలో ఉండగా పాలధార బకెట్‌లో పడింది. ఫోన్‌లో కాకా నవ్వుతూ, "ఆగకురా, చెప్పు, నేను గూడ ఇంటున్న" అన్నాడు. చుట్టూ చేరినవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరూ నవ్వారు. ఆ పూట కఫీల్ తల్లి గ్లాసు ఖాళీ చేసి, ఇంకోటి అడిగింది.

కాకా తిరిగొచ్చాక నన్ను అక్కడే ఉంచుకుంటానని కఫీల్‌తో మాట్లాడాడు. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా ఆవిడ చాలాసేపు నవ్వింది.

"ఇంటికాడ బర్రెను కట్టేయమంటే దూరం దూరం ఉరికేటోనివి. గాడికి వొయ్యి ఆవుల పిండుతున్నవా?" అంది.

ఇప్పుడు పొద్దున పూట కాకా, సాయంత్రం పూట నేను పాలు పిండుతున్నాం.